కుడి అంచు పైకొచ్చింది

"కట్!"

ఆ అరుపు వినిపించేసరికి నేను సెట్లోని కోట గోడ మీది నుంచి దూకబోతున్నాను. హీరోగారి బదులు దూకడమే నా ఉద్యోగం.

మా క్యోటో స్టూడియోలో ఆ మాట డైరెక్టర్ ఒక్కరే అనాలి. అన్నది మాత్రం దుస్తులు కట్టే ఫుమినో!

"ఏమ్మాయ్, డైరెక్టర్ నువ్వా, నేనా?" నిషిగాకిగారు కుర్చీలోంచి లేచారు. "పితృదేవతల పండక్కి బొమ్మ విడుదల కావద్దా?"

"అతన్ని దించండి సార్! కిమోనో కుడి అంచు పైకి వేసి కట్టేశాను. శవానికి కట్టినట్టు!"

తడిమి చూసుకున్నాను. నిజమే! బతికున్నవాళ్ళకి ఎడమ అంచు పైనుండాలి. పొద్దున్నుంచి దయ్యాల వేషాలు కట్టీ కట్టీ, అదే చేత్తో నాకూ కట్టేసింది. నా గుండె గుభేలుమంది.

నిషిగాకిగారి మొహమూ పాలిపోయింది. దయ్యాల సినిమాలు తీసేవాళ్ళకే దయ్యాలంటే భయమెక్కువ.

"ముందు కీడు పోయేలా వాడి మీద ఉప్పు చల్లండ్రా! ఏమ్మాయ్, ఇవాళ ఈ షాట్ రాలేదో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

గోడ వెనక ఫుమినో మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. రేకుల మీద వాన హోరు.

"అంత కోపమా నా మీద? బతికుండగానే పాడె కట్టేశావు!"

"ఛీ, నోర్ముయ్!" కళ్ళనిండా నీళ్ళు. "సకుజీ, నీకు దండం పెడతాను, ఇవాళ దూకకు."

"దూకకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ!"

నేను వినలేదు. గోడెక్కాను. ఎన్నడూ లేనిది కిందికి తొంగి చూశాను. నాకోసం ఒకరు అంతగా ఏడుస్తారని తెలిశాక ప్రాణం మీద ఎంత తీపి పుట్టిందో! కళ్ళు మూసుకుని దూకేశాను.

దబ్బుమని గడ్డి పరుపుల మీద పడ్డాను. కాళ్ళూ చేతులూ కదిలించి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. హమ్మయ్య!

"అంతా బాగుంది గానీ, విగ్గు ఎగిరిపోయిందిరా," అన్నారు నిషిగాకిగారు. "ఇంకోసారి!"

ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఫుమినో చేతులు బారచాపి నాకు అడ్డంగా నిలబడింది.

"ఇంకోసారీ లేదు, గింకోసారీ లేదు! నన్ను తీసేస్తే తీసేయండి. నాకు కాబోయే మొగుడు ఇవాళ ఇక దూకడు!"

అన్నాక గానీ తనేమందో తెలిసినట్టు లేదు, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నిషిగాకిగారు నవ్వాపుకోలేక నావైపు తిరిగారు.

"ఏరా సకుజీ, మాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ," అన్నాను.