చియో అక్క తర్వాత

కెనడాలోని సర్రీలో ఫుమియె గారిల్లు బస్‌స్టాప్‌కి దగ్గరే. అయినా గుమ్మం దాటి లోపలికి అడుగుపెడితే ఊరి చప్పుడేదీ వినపడదు. తణుకు నుంచి చదువుకోవడానికొచ్చిన సుధామయి ఆ ఇంటి మేడగదిలో అద్దెకుంటోంది. ఫుమియె గారికి ఎనభై దాటాయి. పుట్టింది ఇక్కడే అయినా ఇంటి తీరంతా జపాన్ తీరే. ఆదివారం పూట ఆవిడ స్నేహితురాళ్ళు వచ్చి, టీ తాగుతూ వాళ్ళ భాషలో గలగలా నవ్వుకునేవారు. మధ్యలో ఒకరు సుధామయి వైపు తిరిగి తలవంచేవారు. ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వి తలవంచేది. తర్వాత గదిలోకి పోయి, పొగకి అలారం మోగుతుందన్న భయంతో బ్యాటరీ దీపమే వెలిగించి, వెంకన్నకి దణ్ణం పెట్టుకునేది. ఆ ఇంట్లో తన భాష వినేవాడు ఆయనొక్కడే.

ఆ ఇంట్లో సాయంత్రం స్నానమంటే ఒక పూజలాంటిది. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. ఆ తర్వాతే దేవదారు చెక్కతో చేసిన లోతైన తొట్టిలో మెడదాకా మునగాలి. ఒకరి తర్వాత ఒకరు, అవే వేడినీళ్ళు. మొదటి వంతు ఎప్పుడూ సుధామయిదే.

"నువ్వు గెస్ట్‌వి కదా, సుధా సాన్," అనేవారు ఫుమియె గారు, పేరు చివర జపనీస్ 'గారు' తగిలించి.

"నీకేం తల్లీ! మేం ఆరుగురం ఒక్క షవర్ కోసం కొట్టుకు చస్తున్నాం. నువ్వేమో తొట్టిలో మహారాణివి," అని ఫోన్‌లో స్నేహితురాలు వర్ష దెప్పేది.

"మహారాణిని కాదే, చుట్టాన్ని. చుట్టం ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోవాల్సిందేగా," అంది సుధామయి ఓసారి. ఈ చలిదేశంలో ఒక్క ఇంటికైనా తను సొంతమనిషి కావాలని ఆ పిల్ల ఆశ.

పైగా తను మునిగిన నీళ్ళలో పెద్దావిడ మునగడం మనసుకి నచ్చేది కాదు. పెద్దవాళ్ళ స్నానాలయ్యాకే పిల్లలవి అనే ఇంట్లో పెరిగిందాయె. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఆంటీ, నన్నూ ఈ ఇంటి పిల్లనే అనుకోండి. ఇవాళ మీరు ముందు వెళ్ళండి. నేను చివర్న చేస్తాను."

ఫుమియె గారి చేతిలో టీ కప్పు ఆగింది. "చివరి వంతు ఎవరూ అడగరమ్మా."

"నేను అడుగుతున్నాగా!"

ఆవిడ బాత్‌రూమ్ తలుపు వైపు ఓసారి చూసి, "సరే" అన్నారు.

చలికాలం కావడంతో మధ్యాహ్నం ముగియకుండానే చీకటి పడిపోయింది. ఫుమియె గారి తర్వాత సుధామయి స్నానం చేసింది. మురికి నీళ్ళు పారబోసే పని ఆవిడకెందుకని అడుగున బిరడా లాగేసి, తొట్టి కడిగి, పొడిగుడ్డతో తుడిచి మరీ పైకెళ్ళింది.

జడ వేసుకుంటుండగా కింద పీట జరిపిన చప్పుడైంది. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. నెమ్మదిగా... ఆగి ఆగి...

ఆంటీ మళ్ళీ వెళ్ళారా? మెట్లు దిగి చూసింది. ఫుమియె గారు హాల్లో ఉన్నారు. ఆవిడా బాత్‌రూమ్ వైపే చూస్తున్నారు.

పొడిచెక్క మీద మడమ ఆనిన చప్పుడు. ఒక కాలు... రెండో కాలు.

తర్వాత, లోపల్నుంచి సన్నటి ఆడపిల్ల గొంతు. "సముయి..."

ఆ మాట సుధామయికి తెలుసు. వీధి తలుపు తెరిచినప్పుడల్లా ఫుమియె గారు అనే మాటే. చలి.

"నీళ్ళు వదిలేశావా?" ఆవిడ గుసగుసలాడారు.

"ఆంటీ... లోపల ఎవరు?"

"మా అక్క. చియో. యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్ళమని మమ్మల్ని ఇళ్ళలోంచి తరిమి కొండల మధ్య క్యాంపులో పెట్టారు. అందరికీ ఒకటే తొట్టి. చిన్నదాన్నని నన్ను ముందు పంపి, తను అందరి తర్వాతా వెళ్ళేది. అప్పటికి నీళ్ళు మంచులా చల్లబడిపోయేవి. ఆ చలికాలంలోనే అక్క చనిపోయింది." ఆవిడ బాత్‌రూమ్ తలుపు వైపు చెయ్యి చూపారు. "నేనున్నన్నాళ్ళూ తనకి వేడినీళ్ళు ఉండాలి. వెళ్ళు, నింపు."

ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ సుధామయి తలుపు తీసింది. ఎవరూ లేరు. పీట తడిగా ఉంది. కుళాయి తిప్పింది. ఆవిరి లేచింది. తొట్టి సగం నిండింది...

నీళ్ళు ఒక్కసారిగా అంచుదాకా పొంగాయి. ఆమె పాదాల మీదికి పొర్లాయి. తొట్టిలో బరువుగా ఎవరో కూర్చున్నట్టు.

హాయిగా విడిచిన నిట్టూర్పు వినిపించింది.

గుమ్మంలో నిలబడి ఫుమియె గారు జపనీస్‌లో ఏదో అడిగారు. చెవి ఒగ్గి విన్నారు. ఆ ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది.

"ఇన్నేళ్ళకి తన చోటు అడిగినవాళ్ళు దొరికారని అక్క సంతోషపడుతోంది. రేపట్నుంచి తన తర్వాత నువ్వు." ఆవిడ సుధామయి చెంప నిమిరారు. "ఇక నువ్వు గెస్ట్‌వి కావు."

ఆ రాత్రే సుధామయి వర్షకి ఫోన్ చేసి, పెట్టె సర్దుకుంది. తెల్లవారగానే వర్ష కారు తెచ్చింది. ఫుమియె గారు గుమ్మంలో వంగి నమస్కరించారంతే. బయట పొడిచలి, చినుకైనా లేదు. ఆ ఇల్లు కనుమరుగయ్యాక గానీ సుధామయి ఊపిరి పీల్చుకోలేదు.

"ఇదేంటే!" వర్ష అరిచింది. "ఈ చలిలో తలస్నానం చేసి, ఆరబెట్టుకోకుండా వచ్చేశావా? నా సీటంతా తడిపేశావు!"

ఆ ఉదయం తను స్నానమే చేయలేదు.

సుధామయి మెల్లగా జడ తడుముకుంది. కొసనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వేళ్ళ మధ్య... ఇంకా వేడిగా ఉన్నాయి.