పాము చెవులకు దిబ్బడ

పొయ్యి మీద కెటిల్ కూత పెట్టీ పెట్టీ గొంతు బొంగురు పోయేలా ఉంది. దాని పక్కనే నిలబడి కప్పులు తుడుస్తున్న పెద్దావిడ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. లోపలి గదిలో పాపకు పాలు పడుతున్న కూతురు రెండుసార్లు పిలిచింది. ఇక లాభం లేదని పాపను భుజాన వేసుకుని వచ్చి స్టవ్ కట్టేసింది.

"ఇంతసేపు కూత పెడుతుంటే వినపడట్లేదా అమ్మా?"

"కట్టేద్దామనే అనుకుంటున్నానే," అంది తల్లి, కూతురి పెదవుల కదలికను బట్టి ప్రశ్నను ఊహించుకుని.

ఊహించుకోవడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకునే గడిపింది. లైన్లో ఎంత గరగర ఉన్నా సగం మాట చెవిన పడితే చాలు, మిగతా సగం తనే పూరించి కాల్ కలిపేసేది. తోటి ఆపరేటర్లు 'పాము చెవులమ్మ' అని పేరు పెడితే మురిసిపోయింది కూడా. రిటైరైన తర్వాత ఆ పేరు ఆవిడతో పాటే ఇంటికి వచ్చేసింది.

అలాంటి చెవులు మొన్న కూతురి ఊళ్ళో విమానం దిగిన దగ్గర్నుంచి మొరాయించాయి. అసలు బయల్దేరే ముందే జలుబు పట్టుకుంది. కానీ అంతకుముందు ఒకసారి మోకాళ్ళ నొప్పులని ప్రయాణం వాయిదా వేస్తే, "నీకు రావాలని లేదులే," అని కూతురు ఫోన్ పెట్టేసింది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈసారి జలుబు సంగతి ఎత్తకుండా విమానం ఎక్కేసింది. తీరా విమానం కిందికి దిగుతుంటే రెండు చెవుల్లోనూ మేకులు దిగ్గొట్టినట్టయింది. ఎయిర్ హోస్టెస్ ఇచ్చిన చాక్లెట్ బిళ్ళ చప్పరించింది, గుటకలు మింగింది, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నోరు తెరిచింది. నొప్పయితే మర్నాటికి తగ్గింది గానీ దిబ్బడ మాత్రం అలాగే ఉండిపోయింది. మనుషులంతా బావి అడుగు నుంచి మాట్లాడుతున్నట్టుంది.

ఈ సంగతి చెబితే, జలుబుతో పసిపిల్లున్న ఇంటికి ఎలా వచ్చావని కూతురు మండిపడుతుందని భయం. అందుకని చలి వంకతో ముక్కుకు స్కార్ఫ్ చుట్టుకుని తిరుగుతోంది. మనవరాలిని ఎత్తుకోవాలని చేతులు కొట్టుకుంటున్నా, దూరంగా నిలబడి చూసి తృప్తి పడుతోంది.

ఆ ఉదయం టీ కప్పులు పట్టుకుని గది దాకా వెళ్ళేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంటోంది. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్, పనికి వెళ్ళడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మాటలు ముక్కలు ముక్కలుగా అందాయి.

"...నా వల్ల కాదు... అమ్మ..."

"...ఇవాళే... పంపించేద్దాం."

మిగతా సగం ఆవిడే పూరించుకుంది. కప్పులు వంటింట్లో పెట్టేసి, గదిలోకి వెళ్ళి, విప్పీ విప్పని సూట్‌కేసు మళ్ళీ సర్దుకుంది. సర్దుతున్నంత సేపూ కన్నీళ్ళు ఆగలేదు. కడుపున పుట్టిన పిల్లకే బరువైపోయానా అనుకుంది.

సూట్‌కేసు ఈడ్చుకుంటూ ముందు గదిలోకి వస్తే అల్లుడు బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తాడు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"మీకెందుకు నాయనా శ్రమ. నేనే వెళ్ళిపోతాను."

కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అప్పుడే వెళ్ళిపోతావా? రావాలని లేదని నేనన్నప్పుడు నీకు కోపమొచ్చింది, ఇప్పుడు అదే నిజమైందిగా. వచ్చిన దగ్గర్నుంచి పాపని ఒక్కసారి ముట్టుకున్నావా? పిలిస్తే పలుకుతున్నావా? నా మాటంటే నీకు ఎప్పుడూ పెడచెవే."

"టాక్సీ నేనే పిలుచుకుంటానే," అంది తల్లి.

"టాక్సీ గురించి ఎవరడిగారు?"

"తిన్నాను. బ్రెడ్డు తిన్నాను."

కూతురికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అల్లుడు లేచి, అత్తగారి వెనక్కి వెళ్ళి, తాళాల గుత్తి ధనామని నేల మీద పడేశాడు. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. ఆవిడ మాత్రం తల తిప్పలేదు.

"నేను చెబితే నమ్మావు కాదు. ఆవిడకి నిజంగానే వినపడట్లేదు," అన్నాడు భార్యతో.

కూతురి కోపం చప్పున దిగిపోయింది. తల్లి చెవికి నోరు ఆనించి గట్టిగా అడిగింది. "ఎవరే అమ్మా నిన్ను వెళ్ళమంది?"

"మీరే కదే. ఇవాళే పంపించేద్దాం అన్నాడుగా. నా చెవులతో నేను విన్నాను."

అల్లుడు ఎదురుగా వచ్చి, పలక మీద అక్షరాలు దిద్దించే పంతులులా నోరు సాగదీసి చెప్పాడు. "చూ... పిం... చే... ద్దాం. పంపించడం కాదత్తయ్యా. డాక్టరుకి. మీ చెవులు."

ఆవిడ చేతిలోంచి సూట్‌కేసు పిడి జారిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల మాటలు పూరించిందో, ఒక్కటీ ఇంత అన్యాయంగా పూరించలేదు. సోఫాలో కూలబడి, జలుబు, స్కార్ఫు, విమానం అన్నీ ఏకరువు పెట్టింది.

"ముట్టుకోవాలని లేకనా తల్లీ. దానికి అంటుకుంటుందని కదూ."

"ఆ ముక్క ముందే చెప్పి ఉండొచ్చుగా," అంటూ కూతురు తల్లిని కావలించుకుని ఏడ్చేసింది. పాపను మాత్రం జాగ్రత్తగా తండ్రి చేతికిచ్చాకే.

చెవుల డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, కర్ణభేరి చిరగలేదని చెప్పింది. జలుబుకు ముక్కుతో పాటు చెవికి గాలి వెళ్ళే దారి కూడా మూసుకుపోయిందనీ, విమానం దిగేటప్పుడు ఒత్తిడి మారి కర్ణభేరి లోపలికి లాక్కుపోయిందనీ చెప్పింది. ముక్కులో వేసుకునే మందు రాసి, చెవులు పూర్తిగా తేరుకునేదాకా మళ్ళీ విమానం ఎక్కొద్దంది.

"తొందరేం లేదండీ, నెమ్మదిగానే తగ్గించండి," అంది కూతురు. డాక్టరు మొదట వింతగా చూసినా, తర్వాత నవ్వేసింది.

జలుబు పూర్తిగా తగ్గాక, ఒక మధ్యాహ్నం, పాపను తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టారు. ఆవిడ కదిలితే ఎక్కడ లేస్తుందోనని బొమ్మలా కూర్చుంది. పాప చిన్న నోరు గుండ్రంగా తెరిచి తీరిగ్గా ఆవలించింది. ఆవలింత అంటురోగం కదా, అమ్మమ్మకూ వచ్చింది. దవడ సాగేదాకా ఆవలించేసరికి చెవిలో టప్పుమంది.

ఫ్రిజ్ రొద వినపడింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. ఒళ్ళో పాప ముక్కుతో చేసే గురగుర కూడా వినపడింది, అది విని ఆవిడ కళ్ళు నిండిపోయాయి. వంటింట్లో కూతురు తన మేనమామతో ఫోన్లో మాట్లాడుతోంది.

"లేదు మామయ్యా, అమ్మని ఇప్పట్లో పంపించను. తను ఉంటే నాకు ఎంత ధైర్యంగా ఉందో."

ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. ఈసారి పూరించుకోవలసిందేమీ లేదు.

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చి, పక్కన కూర్చుని, చెవి దగ్గరకు వంగి అరిచింది. "మామయ్య ఫోన్ చేశాడమ్మా. నిన్ను ఇప్పట్లో పంపించనని చెప్పేశాను."

పాము చెవులమ్మ పాప బుగ్గ మీద నుంచి చూపు తిప్పకుండా తల అడ్డంగా ఊపింది.

"సరిగ్గా వినపడలేదే. ఇంకోసారి చెప్పు."