కీరపాదుకు కుట్టిన చొక్కా

తెల్లారినా ముసురు వదల్లేదు. పెరట్లో కీరపాదు పందిరికి దర్జీ స్వయంగా ప్లాస్టిక్ తొడుగు కుట్టి తొడిగాడు. నాలుగు పక్కలా చీమ దూరే సందు లేదు. వీధి వీధంతా మెచ్చుకునే కుట్టుపని మరి! కానీ పాదుకు ఆ చొక్కా నప్పలేదు. పూసిన పువ్వు పూసినట్టే రాలుతోంది, ఆకుల మీద పసుపు మచ్చలు, అడుగున బూజు. దర్జీకి ముందు వాన మీద కోపం, తర్వాత విత్తనాలమ్మినవాడి మీద.

"నాన్నా, వెళ్లొస్తాను." కూతురు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పుస్తకాల దుకాణంలో ఉద్యోగం. ఈరోజు చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు.

"ఈ వానలోనా? లోపలికి నడు." దర్జీ గడియ పెట్టేశాడు.

కిందటి వానాకాలం నిమ్ము చేసి పిల్ల చచ్చి బతికింది. అప్పటినుంచి ఆ ఇంటి గడియ ఆయన చేతిలోనే ఉంది.

"డాక్టరు పూర్తిగా తగ్గిందన్నాడు కదండీ," అంది భార్య.

"వాడికేం, చెప్పి పోతాడు!"

కూతురు గొడుగు పక్కన పెట్టింది. కత్తెర తీసుకుని పెరట్లోకి నడిచి, తొడుగును పైనుంచి కిందికి పరపరా కోసేసింది. దర్జీ కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. లోపలినుంచి కుళ్లు కంపు గుప్పున కొట్టింది.

"వానకి తడిసిన ఆకు గాలికి ఆరుతుంది నాన్నా. ఇందులో గాలేది? తేనెటీగ దూరకపోతే పిందె ఎలా పడుతుంది? పక్కింటి పాదు విరగకాస్తోంది. రోజూ కిటికీలోంచి చూస్తున్నాగా, నాకింకేం పనుంది?"

"కాపాడదామనే కదే కుట్టాను!"

"నన్నూ అందుకే దాచావు. బతికించావు సరే, బతకనివ్వవా?"

దర్జీ మెట్టు మీద కూలబడ్డాడు. "మంచం పక్కన కూర్చుని నీ ఊపిరి కోసం చెవులు రిక్కించుకున్నానే తల్లీ. ఇంకోసారి నావల్ల కాదు." పెద్దమనిషి భోరుమన్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. "నాకూ భయమే నాన్నా. అయినా వెళ్తాను."

దర్జీ కళ్లు తుడుచుకుని లేచి, పైకప్పు మాత్రం ఉంచి, పక్కలన్నీ కోసేశాడు. బూజు పట్టిన ఆకు మీద చెయ్యి వేయబోతే ఆమె ఆపింది.

"తడిమీద ముట్టుకుంటే తెగులు అన్నిటికీ అంటుతుంది. ఆరాక ఇద్దరం తుంచుదాం."

"సాయంత్రం వస్తావుగా?"

"రాక ఎక్కడికి పోతాను?"

దర్జీ గడియ తీశాడు. గొడుగు వీధి మలుపు తిరిగి కనుమరుగైంది. వెనక్కి పిలవాలని నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భార్య వచ్చి తలుపు మూయబోతే, వద్దన్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.