మూడో చీర కొంగు

పెళ్లికూతురి చీరకు కొంగు లేదు.

మల్లిక ఆ చీరను బల్ల మీద మొత్తం పరిచి, రెండోసారి చూసింది. మీగడ రంగు పట్టు, రెండు వైపులా ఎర్ర అంచు. అంతా బాగానే ఉంది. ఎర్రటి కొంగు ఉండాల్సిన చోట మాత్రం కత్తెర నడిచిన గీత తిన్నగా ఉంది.

ఉదయం పదకొండు. రేపు పదింటికి మక్తల్‌లో, చర్చిలో గ్రేస్ పెళ్లి. చీరకు ఈరోజే కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి సిద్ధం చేయాలి. చీరలు కట్టే షాపు తెరిచాక మల్లికకు ఇదే మొదటి పెళ్లి ఆర్డర్. చీరను ఎంపిక చేసింది కూడా తనే.

గొర్లను తోలుకుపోతూ మల్లిక తండ్రి పర్వతాలు షాపు ముందు ఆగాడు.

"ముఖం గట్ల పెట్టినవేందే?"

"ఏం లేదు బాపూ."

"మొదటి పెళ్లి చెడితే షాపు మూసి గొర్ల కాడికి వస్తనన్నవ్. యాదికుందా?"

"ఉంది. ఇంకా చెడలే."

ఆమె చీరను సంచిలో పెట్టి, షట్టర్ దించి, నారాయణపేట బస్సెక్కింది.

దారి పొడవునా ఆలోచించింది. మొన్న నారాయణపేటలో, నేతగాడు దామోదర్ మగ్గం దగ్గరే, తన కళ్ల ముందే చీర కోశాడు. అతనే మడిచి కవర్లో పెట్టాడు. అప్పుడు మల్లిక విప్పి చూడలేదు. అంచు బిరుసుగా ఉందని అతనితో గొడవ పడుతూ ఉంది. ఆ తర్వాత బీరువా తాళం తన దగ్గరే ఉంది. నేరస్థుడు ఒక్కడే.

బస్సు దిగే ముందు కిటికీ అద్దంలో జుట్టు సరిచేసుకుంది. దొంగను పట్టుకోవడానికి పోతూ జుట్టు ఎందుకో ఆమెకే తెలియలేదు.

"అంచు మళ్ల గుచ్చుకుంటుందా?" మగ్గం గుంటలోంచి దామోదర్ తలెత్తకుండానే అడిగాడు.

"అంచు మంచిగనే ఉంది. కొంగేది?"

మగ్గం చప్పుడు ఆగింది.

"కొంగా? నీ కాడనే ఉండాలె గద."

"నా కాడుంటే బస్సెక్కి ఎందుకొస్త?"

"ఎలుకలేమో."

"మీ నారాయణపేట ఎలుకలకు కత్తెర పట్టుడు వస్తదా?"

పక్కన దారపు కండెలు చుడుతున్న అతని అవ్వ గుర్వమ్మ కిసుక్కున నవ్వింది. "రెండు దినాల సంది వీనికి బువ్వ దిగుతలేదు బిడ్డా. జరమొచ్చిందనుకున్న."

"అవ్వా, నువ్వు జర ఊకో."

మల్లిక మగ్గం వైపు చూసింది. ఇక్కడ ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు వరుసగా నేస్తారు. ఎనిమిదీ ఒకటే రంగు, ఒకటే పొడవాటి గుడ్డ. ప్రతి చీర కొంగుతో ముగుస్తుంది. కొంగు దాటాక కోసి విడదీస్తారు. దాటకముందే కోస్తే?

"నాది ఎన్నో చీర?"

"మూడోది."

"అయితే నాలుగోది తియ్యి. నా కొంగు దాని నెత్తి మీదుంటది."

"మిగిలినయన్ని దుకాణానికి పోయినయి."

"రెండు కొంగుల చీరను ఏ సేటు తీస్కుంటడు దామోదర్?"

దామోదర్ లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో నాలుగో చీర ఉంది. రెండు చివర్లా రెండు ఎర్ర కొంగులు.

"తల దిక్కుది కోసేస్తే గిది నిండు చీరనే," అని కత్తెర అందుకున్నాడు.

"కత్తెర కింద పెట్టు. నీ కోత చూసిన."

మల్లిక ఆ చీరను కొలిచింది. ఆరు గజాలు కాదు, ఏడు. తన చుడీదార్ మీదనే కట్టడం మొదలుపెట్టింది. తల వైపు కొంగును నడుములో దోపకుండా కుడి పక్కన వదిలేసింది. కుచ్చిళ్లు పెట్టి, రెండో కొంగును ఎడమ భుజం మీదుగా వెనక్కి వేసింది. వదిలేసిన కొంగును వీపు మీదుగా తెచ్చి తల మీద ముసుగులా పరిచింది. పిన్ను ఆగలేదు. విప్పి మళ్లీ కట్టింది. మూడోసారికి మడతలన్నీ మాట విన్నాయి.

గ్రేస్‌కు వీడియో కాల్ చేసింది.

"గ్రేస్, ఒక తప్పు జరిగింది. నీ చీరకు కొంగు పోయింది. అదే పడుగు మీది ఇంకో చీర ఇది. చూసి చెప్పు, వద్దంటే ఒక కొంగు తీసి మామూలుగనే కడ్త."

గ్రేస్ కాసేపు కళ్లార్పకుండా చూసింది. "అక్కా, తల మీది ముసుగు గూడ చీరదేనా?"

"చీరదే."

"అయితే నాకు గా నెట్ ముసుగు వద్దు. గిట్లనే కట్టాలె. పొద్దున ఆరింటికి వచ్చెయ్."

మల్లిక ఫోన్ పెట్టేసి, రెండు కొంగులతోనే దామోదర్ వైపు తిరిగింది. గుర్వమ్మ కండె చుట్టడం ఆపింది.

"ఇప్పుడు చెప్పు. ఎట్ల కోసినవ్?"

"నేనే కోసిన. నువ్వు గా అంచును చెంపకు ఆనించుకొని, గిది గుచ్చుకుంటదని కొట్లాడుతున్నవ్. నేను నిన్నే చూస్తున్న. కత్తెర ఏడ పోతాందో చూడలే. నువ్వు పోయినంక నాలుగోది మడుస్తుంటే తెలిసింది. కోసుడు పొరపాటే. ఫోన్ చెయ్యకపోవుడు మాత్రం పొరపాటు కాదు. నువ్వు రాకపోతే సాయంత్రం బస్సుకు గా పెట్టె తీస్కొని నేనే వచ్చేటోణ్ణి. ఫోన్ల అయితే చీర సంగతి ఒక్కటే చెప్పొచ్చు. నాకు ఇంకోటి చెప్పేదుండె, అది ఎదురుంగనే చెప్పాలె. నువ్వంటే నాకు ఇష్టం మల్లికా. అవ్వ ఇంటాంది. ఇననియ్యి."