నట్ల మావయ్య షెడ్డు

ఆ షెడ్డు సంగతి మా వీధిలో ఎవర్నడిగినా ముందు గొంతు తగ్గిస్తారు. తర్వాత చుట్టూ చూస్తారు. ఆ తర్వాత 'నాకెందుకులే తల్లీ' అంటూనే మొత్తం చెప్పేస్తారు.

ఐసు ఫ్యాక్టరీ వెనక గేటు పక్కనే ఉంటుంది. రేకుల కప్పు, రేకుల గోడలు, ముందో పెద్ద చెక్క తలుపు, పక్కన ఒక్కటే కిటికీ. పగలు చూస్తే ఏముంది, తుప్పు పట్టిన రేకులే. రాత్రి రెండు దాటాక అటుగా వెళితే మాత్రం... లోపల్నుంచి ఓ గొంతు మెల్లగా అడుగుతుందట.

"అయిందా...?"

ఏం అయిందా అని? మన పనా? మన ఆయుష్షా? ఆ ప్రశ్న విన్నాక జవాబు ఆలోచిస్తూ అక్కడ నిలబడేవాడెవడు!

పాలవాడు ఒకసారి విన్నాడు. క్యాన్లు వదిలేసి, సైకిలు కూడా వదిలేసి, పరిగెత్తుకుంటూ ఇంటికి పోయి మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు. మా ఎదురింటి తాగుబోతు విన్నాడు. ఆ దెబ్బకి మందు మానేశాడు. వీధంతా ఆ షెడ్డుని తిట్టుకుంటే, వాళ్లావిడ మాత్రం అటు తిరిగి దణ్ణం పెట్టుకుంటుంది.

అలాంటి షెడ్డులోకి రాత్రిపూట మా బావ వెళ్లాడు. మా బావ! బొద్దింక కనిపిస్తే మంచమెక్కి మా అక్కని కేకేసే మనిషి. ఈ కథ ఆయన నోట వింటే వేరేగా ఉంటుంది, అందులో ఆయన చాలా ధైర్యంగా ఉంటాడు. నేను మా అక్క చెప్పింది చెప్తున్నాను.

ఆ షెడ్డు మా బావ మేనమామది. జేబుల నిండా నట్లు వేసుకుని గలగలమంటూ తిరిగేవాడు కాబట్టి అందరూ నట్ల మావయ్య అనేవాళ్లు. తోటల్లో గడ్డి కోసే బుల్లి ట్రాక్టర్లు, మట్టి తిరగేసే మిషన్లు, మందు కొట్టే పంపులు... వీటిని బాగుచెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడు. తిరిగివ్వకపోవడంలోనూ ఆయన్ని మించినవాడు లేడు.

ఆయన పద్ధతి అలాంటిది. తాడు ఒక్కసారి లాగితే ఇంజను స్టార్టవ్వాలి. రెండోసారి లాగాల్సి వచ్చిందా, ఆ బండి బయటికి పంపడం ఆయనకి నామోషీ. మళ్లీ మొత్తం విప్పేసేవాడు. ఓనరొచ్చి అడిగితే ఒకటే మాట, "ఇంకో వారం." ఆ వారాలు నెలలయ్యాయి, నెలలు ఏళ్లయ్యాయి. ఓనర్లు విసిగిపోయి కొత్తవి కొనుక్కున్నారు. పాతవన్నీ షెడ్డులోనే ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి.

రెండేళ్ల కిందట మావయ్య పోయాడు. పోయినప్పుడు చేతిలో స్పానరు అలాగే ఉందట. పిల్లల్లేరు కాబట్టి షెడ్డు మేనల్లుడికి, అంటే మా బావకి వచ్చింది. మా బావ దాని తాళంచెవి తీసుకుని బియ్యం డబ్బా అడుగున దాచేశాడు. రెండేళ్లు అటు కన్నెత్తి చూడలేదు.

చూడాల్సిన రోజు వచ్చింది.

మా బావ టైలరు. అక్కా బావా కలిసి నడిపే కొట్టు ఓ అద్దెగదిలో ఉండేది. ఆ గది ఓనరు తన కొడుక్కి కావాలి, రెండు నెలలు గడువిస్తా, ఆ నెలాఖరుకి ఖాళీ చెయ్యండన్నాడు. నాలుగు కుట్టుమిషన్లు, కటింగు బల్ల, పనిచేసే ఇద్దరమ్మాయిలు. అక్క రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగింది. మిషన్ల చప్పుడని ఒకరు, వచ్చేపోయే జనమని ఒకరు... ఎక్కడా గది దొరకలేదు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఏడ్చేది, నేను రెండుసార్లు చూశాను.

"అంత పెద్ద షెడ్డు పెట్టుకుని రోడ్డున పడతామా?" అంది అక్క చివరికి.

"అందులో మావయ్య ఉన్నాడే..." అన్నాడు బావ.

"ఉంటే ఉండనీ. ముందు సామాను తియ్యండి."

పాత ఇనుము కొనే లారీ మాట్లాడారు. ఆ డ్రైవరు ముందే చెప్పాడు, "ఆదివారం పొద్దున్న ఆరింటికొస్తా. తలుపు బయట ఉన్నవే ఎక్కిస్తాం. లోపలికి మావాళ్లు రారు. మిగిలితే మళ్లీ రెండు నెలల తర్వాతే." రెండు నెలలు ఎక్కడున్నాయి, నెలాఖరుకి నాలుగు రోజులే. శనివారం పొద్దున్న కుదిరిన ఇద్దరు కూలీలు, దీపాలు పెట్టే వేళకి 'ఇప్పుడే వస్తాం' అని వెళ్లారు. ఇప్పటికీ రాలేదు.

మిగిలింది అక్క, బావ, ఒక టార్చిలైటు, సగం షెడ్డు సామాను.

ఆ సామాను మామూలుగా లేదు. మంచమంత ట్రాక్టర్లే పధ్నాలుగు. వాటి సీట్లలో ఎలకలు కాపురాలు పెట్టాయి. గడ్డి బ్లేడ్లు, బెల్టులు, గాలిపోయిన చక్రాలు, మూతల్లేని పెట్రోలు ట్యాంకులు. ఒక్కో బండికి మావయ్య చేత్తో రాసిన అట్టముక్క వేలాడుతోంది. ఒకదాని మీద 'దగ్గుతోంది'. ఒకదాని మీద 'మొండిది'. ఇంకోదాని మీద 'దీని తప్పేం లేదు, ఓనరుకే నడపడం రాదు'. అక్క అవి చదివి నవ్వుకుంటూ లాగింది. బావ చదవకుండా లాగాడు. తాడు కట్టి ఒకరు ముందు లాగాలి, ఒకరు వెనక తొయ్యాలి. ముందెవరు, వెనకెవరు అన్న దగ్గర ప్రతిసారీ గొడవే, ఎందుకంటే బావకి రెండువైపులా భయమే.

ఒంటిగంటన్నరకి ఇంకా ఆరు బళ్లు మిగిలాయి. "ఇంటికెళ్లి టీ పెట్టుకొస్తా. పిల్లల్ని కూడా ఓసారి చూసొస్తా" అంది అక్క.

"నేనూ వస్తా."

"ఇద్దరం పోతే ఇవెవరు లాగుతారు, మీ మావయ్యా?"

ఆ మాట అనాల్సింది కాదు. అనేసి వెళ్లిపోయింది.

బావ ఒక్కడే... టార్చి వెలుగు పచ్చబడింది. కప్పు రేకుల మీద ఏదో నడిచింది. పిల్లి... పిల్లే అయ్యుంటుంది. ధైర్యం కోసం మనవాడు కొలతలు గొణుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఛాతీ నలభై... నడుం ముప్పై ఆరు... భుజం పదిహేడు..."

అప్పుడు, వెనక మూల నుంచి —

"అయిందా...?"

టార్చి ఆరిపోయింది. బావ కదల్లేదు. చీకట్లో ఎక్కడో చుక్క చుక్కగా నూనె కారుతోంది.

"ఏమయ్యా... అయిందా...?"

ఇక్కడొకటి చెప్పాలి. మా బావ ఇరవై రెండేళ్లుగా టైలరు. ఆ మాట రోజుకి ముప్పైసార్లు వింటాడు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా జవాబిస్తాడు, నేను పరీక్ష చేసి చూశాను. ఆ రాత్రి ప్రాణం గొంతులోకొచ్చింది, కాళ్లు లేవడం లేదు, నోరు మాత్రం దాని పని అది చేసేసింది —

"ఇంకో వారం అండీ! గుండీలొక్కటే మిగిలాయి!"



కాసేపటికి అవతలి గొంతు, ఈసారి కాస్త గట్టిగానే, "మళ్లీ వారమా? అయినా ట్రాక్టరుకి గుండీలేంటయ్యా? గొంతేంటలా ఉంది, జలుబు చేసిందా?"

బావ పెట్టిన కేకకి ఫ్యాక్టరీ కుక్కలన్నీ లేచాయి. పరిగెత్తబోయి పక్కనున్న ట్రాక్టరు మీద పడ్డాడు. చెయ్యి తగిలి దాని బ్రేకు ఊడింది. ఆ నేల వెనక్కి వాలుగా ఉంటుంది. ఇంకేముంది, ఆ బండి బావని సీటు మీద బోర్లా వేసుకుని, ఇంజను చప్పుడు లేకుండా, మెల్లగా... దెయ్యం ఉన్నవైపే బయల్దేరింది. పోయి పోయి వెనక రేకుని గుద్దింది. రేకు ఊడి అవతల పడింది.

అవతల మంకీ టోపీ పెట్టుకుని, లాంతరు పట్టుకుని, ఓ ముసలాయన. ఆయనకి కనిపించింది చీకట్లోంచి తనంతట తానే వచ్చిన ట్రాక్టరు, దాని మీద నోరు తెరిచిన తలకాయ. ఇప్పుడాయన కేక పెట్టాడు.

అక్క ఫ్లాస్కుతో వచ్చేసరికి ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటూ అరుస్తూనే ఉన్నారు. ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు అందుకుంటున్నారట.

"నోళ్లు ముయ్యండి ఇద్దరూ!" అంది అక్క. ఇద్దరూ మూశారు. మా అక్క ముందు దెయ్యాలేం పనికొస్తాయి.

టీ తాగాక సంగతి బయటపడింది. ఆయన ఐసు ఫ్యాక్టరీలో రాత్రి వాచ్‌మన్. అంతకుముందు నలుగురి తోటల్లో గడ్డి కోసి బతికేవాడు. పదకొండేళ్ల కిందట తన ట్రాక్టరు మావయ్యకిచ్చాడు. బండి తిరిగి రాలేదు, తోటల పని పోయింది, అందుకే వాచ్‌మనయ్యాడు.

"రోజూ రెండింటికి ఇటు రౌండుకొస్తానమ్మా. ఆయనా రాత్రిళ్లే పని చేస్తాడు కదా. రేకు సందులోంచి అయిందా అని అడుగుతా. గట్టిగా అడిగితే వీధిలో వాళ్ల నిద్ర పాడవుతుందని... మెల్లగా."

"మెల్లగా!" అంది అక్క. ఆ మెల్లగా అడిగిన మాటే రేకుల మధ్య తిరిగి ముందు తలుపు సందులోంచి బయటికొచ్చేది. వీధంతటికీ నిద్రలేకుండా చేసింది అదే. అక్క ట్రాక్టరు సీటు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. బావ అందరికంటే చివర నవ్వడం మొదలుపెట్టి, అందరికంటే గట్టిగా నవ్వాడు. "మనిషేనని నాకు ముందే తెలుసు" అని కూడా అన్నాడు.

ముసలాయన మంచివాడు. చొక్కా చేతులు మడిచి తనూ తాడు పట్టాడు. మిగిలిన బళ్లలో ఆయనదీ ఉంది. దాని అట్టముక్క అక్క చదివి వినిపించింది. 'మంచి మనిషి బండి. తొందరపెట్టడు.' ఆయన టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ బండిని అక్క ఇనుములో కలపనివ్వలేదు, విడిగా పెట్టించింది.

ఐదున్నరకల్లా సామానంతా తలుపు బయట ఉంది. అక్క ఖాళీ షెడ్డు మధ్యలో నిలబడి, "ఇక్కడ కటింగు బల్ల, ఇక్కడ మిషన్లు" అంటూ అడుగులతో కొలిచి, ఉన్నట్టుండి ఏడ్చేసింది. ఈసారి సంతోషంతో.

"వెళ్లొస్తానమ్మా" అన్నాడు ముసలాయన. "ఆయన టీకి వెళ్లాడా? వస్తే చెప్పు, బండి తీసుకున్నానని."

అక్కా బావా మొహాలు చూసుకున్నారు. పగలంతా నిద్రపోయే మనిషి. ఊళ్లో పెళ్లయినా చావైనా పగలే కదా జరిగేది, ఈయనకెవరు చెబుతారు? అక్క దగ్గరికెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"తాతా... మావయ్యగారు పోయి రెండేళ్లయింది."

ముసలాయన నవ్వాడు. ఇద్దరి మొహాలూ చూసి నవ్వు ఆపేశాడు.

"మరి... ఇవాళ నన్ను రమ్మందెవరమ్మా?"

బావ చేతిలో తాడు కిందపడింది.

"గురువారం రాత్రి రేకు సందులోంచి చెప్పాడే! శనివారం మా మేనల్లుడు షెడ్డు ఖాళీ చేస్తాడు, వాడు భయస్థుడు, కాస్త తోడుండి నీ బండి పట్టుకుపో అన్నాడు." ముసలాయన గొంతు తగ్గించాడు. "కుట్టుమిషన్లు కిటికీవైపు వేసుకోమను, వెలుతురుంటుంది... వెనక మూల మాత్రం నాకొదిలెయ్యమను అన్నాడు."

వీధి చివర లారీ హారన్ మోగింది. అక్క వెనక మూలకేసి చూసింది. తెల్లవారుతున్నా ఆ ఒక్కచోటే ఇంకా చీకటి. రెండు నెలలు ఊరంతా తిరిగిన మనిషి, నాలుగు రోజుల్లో రోడ్డున పడబోతున్న మనిషి... గొంతు సవరించుకుంది.

"అలాగే మావయ్యగారూ. కానీ రాత్రిళ్లు మాత్రమే. పగలు ఆడవాళ్లు కొలతలివ్వడానికొస్తారు, మీరుంటే బాగోదు."



తర్వాత ఆ మూలలోంచి ఓ గొంతు, మెల్లగా, బుద్ధిగా —

"సరేనమ్మా."

అక్క వింది. వాచ్‌మన్ విన్నాడు. మా బావ మాత్రం వినలేదు. అప్పటికే ఆయన ఎదురొస్తున్న లారీని దాటుకుని వీధి చివరికి చేరిపోయాడు.