తాతయ్య నడుము రెండంగుళాలు పెరిగింది

ఆమె నాతో మొదటిసారి మాట్లాడింది చెత్తబుట్ట దగ్గర. గిన్నెడు అన్నం అందులోకి వంచబోతుంటే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి గిన్నె అంచు పట్టుకుంది.

"మీ ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్ణే అండీ."

ఆమె గిన్నెలోకి చూసింది, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, మళ్లీ గిన్నెలోకి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. అంతలోనే ఆ కళ్లు బాగున్నాయని కూడా అనిపించింది. నా మనసుకి సమయం సందర్భం తెలియవు.

నేను లిఫ్టులు బాగుచేస్తాను. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో పెరిగాను కాబట్టి అమ్మ నాకు నేర్పింది తొమ్మిదిమందికి వండటమే. తొమ్మిదో వంతు వేసుకోరా అని ఫోన్లో తేలిగ్గా చెప్పేది. చిటికెడు ఉప్పులో తొమ్మిదో వంతు ఎలా తీస్తారో అమ్మ చెప్పలేదు.

ఆమె మా ఎదురింటి టైలరు. తాతయ్యతో ఉంటుంది. రోజూ పొద్దున్నే తాజా కూరగాయలు తెచ్చి, ఇద్దరికి సరిగ్గా సరిపడా వండి షాపుకి వెళ్లిపోతుంది. బీన్స్ కూడా లెక్కపెట్టి తీసుకుంటుందని కూరగాయలామె నా దగ్గర మొత్తుకుంది. వాళ్ల ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాలు తప్ప ఏమీ ఉండవు.

పారేసే బదులు ఎవరికైనా పెట్టొచ్చు కదా అని ఆ రోజు నాకు క్లాసు పీకి వెళ్లింది. మర్నాడే వేడివేడి కూర గిన్నెలో పెట్టుకుని ఎదురింటి తలుపు కొట్టాను. ఆమె మాట విన్నట్టూ ఉంటుంది, ఆమెను చూసినట్టూ ఉంటుంది. తీరా తలుపు తీసింది తాతయ్య.

ఆయన మూత తీసి వాసన చూసి, నన్ను కూర్చోబెట్టి, తనకో స్పూను తెచ్చుకున్నాడు. మనవరాలి వంటకి వంక పెట్టలేమట, కానీ మారు వడ్డించుకుందామంటే గిన్నెలో ఏమీ ఉండదట. ఈ సంగతి ఆమె చెవిన వెయ్యనని నాచేత ఒట్టు కూడా పెట్టించుకున్నాడు. అలా రోజూ నేను కూరతో తలుపు కొట్టడం, ఆయనే తియ్యడంతో నెలరోజులు గడిచాయి.

ఒక సాయంత్రం వానలో తడిసి డ్యూటీ నుంచి వస్తుంటే ఆమె మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది. ఏమైందని అడిగాను. తాతయ్య రోజూ సగం అన్నం వదిలేస్తున్నాడట. పోనీ చిక్కిపోయాడా అంటే అదీ లేదు. కొత్త ప్యాంటు కుడదామని టేపు పెడితే నడుము రెండంగుళాలు పెరిగిందట.

"తిండి తగ్గి నడుము పెరిగిందంటే లోపల నీరు చేరినట్టే కదండీ? రేపు పొద్దున్నే స్కానింగు. నాకు ఆయన తప్ప ఎవరున్నారు?"

చెబితే ఈమె మళ్లీ నా ముఖం చూడదు. చెప్పకపోతే నిక్షేపంగా ఉన్న పెద్దాయన్ని తీసుకెళ్లి మిషన్లో పడుకోబెడతారు. పైగా ఆమె ఏడుస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను.

"అది నీరు కాదండీ. నా కూర."

ఎన్నాళ్లనుంచి అని అడిగింది. చెప్పాను. ఎంతేసి అని అడిగింది. అదీ చెప్పాను. ఏడుపు ఆగిపోయింది గానీ, తర్వాత వచ్చింది ఏడుపు కన్నా ప్రమాదకరంగా ఉంది. తనకి వారంరోజులుగా కంటిమీద కునుకు లేదని, ఇద్దరు మగాళ్లు కలిసి తనని పిచ్చిదాన్ని చేశారని నన్ను దులిపి ఆరేసింది.

"నెలరోజులైనా ఒక్కడికి వండుకోవడం రాలేదా మీకు?"

రాలేదంటే సరిపోయేది. నా నోరు నా మాట వినలేదు.

"పదిరోజుల్లోనే వచ్చేసిందండీ. ఒక్కడికే వండుకుంటే మీ తలుపు కొట్టడానికి వంక ఉండదు. ఎప్పుడో ఒకరోజు మీరు తీస్తారని ఆశ. మీరంటే నాకిష్టం."

ఆమె రుమాలుతో ముఖం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం ఎంతకీ అవలేదు. లోపల నవ్వుతోందో, పళ్లు నూరుతోందో తెలియక నేను మెట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

పైన తలుపు సందులోంచి తాతయ్య తల బయటికొచ్చింది.

"కూరలో కారం కాస్త ఎక్కువేస్తాడమ్మా. కుర్రాడు మాత్రం మంచివాడు."

ఆమె తల ఎత్తి చూసింది. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

"ఈ ఆదివారం షాపు తెరవను. తలుపు నేనే తీస్తాను," అంది నావైపు చూడకుండా. "ముగ్గురికి సరిగ్గా సరిపోవాలి. మిగిలితే ఊరుకోను."

"ముగ్గురికి అంటే ఎంత బియ్యం పోయాలండీ?"

ఆమె వేళ్లు మడిచి లెక్కేసింది. "నాకూ తెలీదు. ఇద్దరికి మించి ఎప్పుడూ వండలేదు. పెందలాడే రండి, కలిసి చూద్దాం."

ఆదివారం ఇద్దరం కలిసి చూశాం. ఒకళ్లనొకళ్లం ఎక్కువ చూసుకున్నట్టున్నాం, బియ్యం తక్కువ పోశాం. తాతయ్య పళ్లెం దగ్గరికొచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆయన గొడుగు తీసుకుని, బ్రెడ్డు తెచ్చుకుంటానని వెళ్లాడు.

తిరిగి రావడానికి గంటన్నర పట్టింది. బేకరీ మా గేటు పక్కనే ఉంది.