ఎరుకచుక్క

2084 నాటి కాకినాడలో పసిబిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళు ముందుగా బిడ్డ ముఖం చూడరు, బుగ్గ మీది చుక్క చూస్తారు. అది నల్లగా ఉంటే చేతులు చాస్తారు. ఎర్రబడితే ఏదో పని గుర్తొచ్చినట్టు నటిస్తూ గుమ్మం దాకా వెనక్కి నడుస్తారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. జనానికి అది బాగా నచ్చింది.

ఆ చుక్క పేరు ఎరుకచుక్క. కనిపెట్టింది డాక్టర్ వకుళ. కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు, ఈ మూడింటికీ కలిపి పెద్దవాళ్ళు పదేళ్ళకోసారి వేసుకునే త్రిరక్ష బూస్టర్‌లో ఆమె 'ఊపిరిగుర్తు' అనే బయోమార్కర్‌ను చేర్చింది. టీకా బలం ఒంట్లో ఉన్నంతకాలం ఆ గుర్తు మనిషి ఊపిరిలో సన్నగా బయటికొస్తూ ఉంటుంది. బలం తగ్గితే అదీ తగ్గుతుంది. బిడ్డ బుగ్గ మీద దిష్టిచుక్కలా అంటించే నానోసెన్సర్ మూరెడు దూరంలోని ఊపిరిని చదువుతుంది. గుర్తు కనబడకపోతే మూడు సెకన్లలో ఎర్రబడుతుంది. నెలన్నర నిండేదాకా పిల్లలకు ఈ టీకా వేయరు కాబట్టి, అంతవరకూ చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ టీకాలే వాళ్ళకు దిక్కు.

మొదటి నమూనా ఎర్రబడటంతోపాటు కూత కూడా పెట్టేది. దాని మీద వచ్చినన్ని ఫిర్యాదులు పరిశోధనశాలకు మరి దేని మీదా రాలేదు. ఒకరి వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడట. ఇంకొకరి ఆడపడుచు ఇప్పటికీ మాట్లాడటం లేదట. విసిగిపోయి వకుళ కూత తీసేసింది. "రంగు కనిపిస్తుంది కదా, చూసినవాళ్ళు చెప్తారు," అంది. అంత చదువుకున్న మనిషికి తన చుట్టూ ఉన్న మనుషుల గురించి అంత తక్కువ తెలియడం ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఆ చుక్కకు రంగు మార్చే పొర తయారుచేసింది రత్నావళి. వకుళ దగ్గర ఎనిమిదేళ్ళుగా ఇంజనీరు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కడుపుతో ఉండగా తల్లి వేసుకున్న బూస్టర్ రక్షణ బిడ్డకు పూర్తిగా అందకముందే, నెల ముందుగా కాన్పు అయిపోయింది.

ఇరవై ఒకటో రోజున బారసాల. పాప చెవిలో పేరు చెప్పే గౌరవం వకుళకే ఇచ్చారు. ఆమె పాపను, ముఖం తన వీపు వైపు ఉండేలా భుజాన వేసుకుని, చెవికి నోరు ఆనించి, 'సిరిచందన' అని మూడుసార్లు పలికింది. మధ్యలో దగ్గొస్తే మర్యాదగా ముఖం పక్కకు తిప్పుకుంది.

"పాలకి ఏడుత్తాదేమోనండి, ఇలాగిచ్చెయ్యండి," అంది రత్నావళి అత్తగారు వీరమ్మ.

"ఏడవట్లేదుగా వీరమ్మగారూ, కాసేపు ఉండనివ్వండి," అని వకుళ పాప వీపు నిమురుతూ నిలబడింది. పిల్లలు లేని మనిషి, ఆ బరువు ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

బారసాల అయిన పదో రోజుకి పాపకు దగ్గు మొదలైంది. ఆస్పత్రిలోని కుర్ర డాక్టర్లు కోరింత దగ్గును పుస్తకంలో తప్ప చూసినవాళ్ళు కారు. చుక్క ఎప్పుడైనా ఎర్రబడిందా అని అడిగారు. ఇంట్లోవాళ్ళు లేదన్నారు. ఆ మాట నమ్మి, మామూలు జలుబుకు మందిచ్చి రెండు రోజులు పోగొట్టారు. మూడో రోజు పాప దగ్గీ దగ్గీ ఊపిరందక నీలంగా మారిపోయాక అసలు పరీక్ష చేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం పాప పోయింది.

వకుళ ఏడ్చింది. ఆ ఏడుపులోనే ఒక భయమూ ఉంది. తన చుక్క పనిచెయ్యలేదా? లక్షలమంది పిల్లల బుగ్గల మీద ఉందే అది. మర్నాడు ఆస్పత్రి నుంచి ఆ చుక్కను తెప్పించి, పరిశోధనశాల యంత్రం లేఖినికి ఇచ్చింది.

"లోపం ఎక్కడుంది, లేఖినీ?"

"లోపం లేదు, డాక్టర్. బారసాల రోజు పదకొండు గంటల పది నిమిషాలకు చుక్క ఎర్రబడింది. పదమూడు నిమిషాలు ఎర్రగానే ఉంది."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణమే. ఆ క్షణానికి ఆమె తర్వాత బతికినంతకాలం సిగ్గుపడింది.

"ఎవరి ఊపిరికి?"

"చుక్కలో నమోదైన ఊపిరిని సిబ్బంది ఊపిరి నమూనాలతో పోల్చాను. మీ ఊపిరికే. మీరు బూస్టర్ వేసుకుని పద్నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళుగా గుర్తుచేస్తున్నాను. రేపు వేసుకుంటానంటున్నారు."

మందు తన అల్మారాలోనే ఉంది కదా, ఎప్పుడైనా వేసుకోవచ్చు అని ఇన్నేళ్ళూ అనుకుంది. రెండు వారాలుగా వస్తున్న దగ్గు సముద్రపు గాలి వల్ల అనుకుంది. వకుళకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా రత్నావళి ఇంటికి వెళ్ళింది.

"రత్నా, పాపకు ఆ దగ్గు అంటించింది నేనే."

రత్నావళి ఆశ్చర్యపోలేదు. "తెలుసు మేడమ్," అంది.

"ఆయ్, అందరం చూశామండి," అంది వీరమ్మ మెల్లగా. "పాల వంక పెట్టి తీసేసుకుందామనుకున్నానండి, మీరియ్యలేదు. దాన్ని కనిపెట్టిన మనిషికి తెలియకుండా ఉంటాదా అనుకున్నాం. అంతటోరికి నలుగురిలో ఎలా చెప్తామండి?"

"నా చేతుల్లోంచి లాక్కోవాల్సింది, రత్నా."

"లాక్కుందామనే లేచాను మేడమ్. మీరు నొచ్చుకుంటారని మళ్ళీ కూర్చున్నాను."

"ఆస్పత్రిలోనైనా చెప్పాల్సింది. రెండు రోజులు కలిసొచ్చేవి."

"ఎవరి వల్ల అని అడుగుతారు కదండీ. మీ పేరు చెప్పాలి."

వకుళ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. రత్నావళి లేచి వచ్చి పక్కన కూర్చుంది, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మీరేం కంగారుపడకండి మేడమ్. పొద్దున ఆరోగ్యశాఖ విచారణవాళ్ళు వచ్చి వెళ్ళారు. బారసాల రోజు పాపకి చుక్క పెట్టడం నేనే మర్చిపోయానని రాసిచ్చేశాను."